షెడ్డు లోపలి ఫొటో

పరిగి మండలం, 2020 జూన్ 3

పెనుకొండ కరోనా సాయం కేంద్రం వారికి, పట్టుపురుగుల రైతు ముత్యాలప్ప దండం పెట్టి, ఆ వెంటనే నిలదీసి రాస్తున్న జాబు.

లాక్‌డౌన్ అని హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ మూశారు. ధర్మవరంలో మగ్గాలు ఆగాయి. పురుగుకు లాక్‌డౌన్ తెలియదు కదా, రెక్కలొచ్చి గూళ్లు తొలుచుకుని బయటికొచ్చింది. తొలిచిన గూడు పట్టు తీయడానికి పనికిరాదు, పంటంతా పోయింది. సాయం ఇస్తామని మైకులో చెప్పింది మీరే. ఇప్పుడు షెడ్డులో ఉన్నవి అప్పు చేసి తెచ్చినవి, మీ సాయం వస్తేనే వచ్చే పంటకు పిల్ల పురుగులు తెస్తాం. రాకపోతే నెలాఖరుకు మల్బరీ తోట పెరికేసి కూలికి పోదామంటోంది మా ఇంటామె చౌడమ్మ. ఆమె అన్నదంటే చేస్తుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

ముత్యాలప్ప

తా.క.: ఇది భిక్ష కాదు. మార్కెట్ మూసింది మేము కాదు.

---

పెనుకొండ, జూన్ 10

శ్రీ ముత్యాలప్ప గారికి,

మీ దరఖాస్తు అందినది. పరిశీలనకు రాగా మీ భార్య నన్ను షెడ్డులోనికి అనుమతించలేదు. లోపల పురుగులతో రైతు నిలబడిన ఫొటో లేనిదే సాయం మంజూరు కాదు. షెడ్డులో ఏమి దాస్తున్నారో వివరణ ఇవ్వగలరు.

భవదీయుడు,
ప్రేమ్ కుమార్, పరిశీలకుడు (కాంట్రాక్టు)

తా.క.: ఆమె నా బూట్లపై సున్నం చల్లినది. అదియు వివరించగలరు.

---

పరిగి మండలం, జూన్ 13

ప్రేమ్ కుమార్ సారు గారికి,

బ్యాంకులు ముంచినోళ్ల బంగళాల్లో ఏం దాచారని ఏ ఆఫీసూ అడగదు. నా షెడ్డులో ఇప్పుడున్నవి అప్పు చేసి తెచ్చిన పురుగులు. వాటికి రోగం బయటివాళ్ల కాళ్లతోనే వస్తుంది, సున్నం అందుకే. ఎడంగా ఉండడం, కడుక్కుని రావడం మీరు ఈ ఏడాది నేర్చుకున్నారు, మా షెడ్డులో అది అవ్వ కాలం నుంచీ ఉంది. పైగా మీరు పురుగులకు పడని సెంటు పూసుకొచ్చారు.

చౌడమ్మ మాట: "కలెక్టరైనా సరే, యాడ తిరిగొచ్చినాడో ఎవురికి తెలుసు. నీళ్లు పోసుకోని, ఉతికిన లుంగీ కట్టుకోని వస్తే రానిస్తా."

మీరు త్వరగా రండి. ఆమె తోట పెరికేందుకు గునపం తీసి గోడకు ఆనించింది.

ముత్యాలప్ప

తా.క.: లుంగీ మాదే. సబ్బు మీరు తెచ్చుకోండి, వాసన లేనిది.

---

పరిగి మండలం, జూన్ 27

ప్రేమ్ కుమార్ సారు గారికి,

మీరొచ్చి పోయి పది రోజులు. స్నానం చేశారు, లుంగీ కట్టారు. చౌడమ్మ పురుగుల తట్ట మీ చేతిలో పెడితే, చేయి ఖాళీ లేక ఫోన్ నాకిచ్చారు. మీరు చెప్పిన చోటే నొక్కాను. అందరికీ సాయం వచ్చింది, నాకు రాలేదు. నిన్న చౌడమ్మ తోటలో ఒక సాలు పెరికింది. నేను చూడలేక ఇంట్లోకి పోయాను.

ముత్యాలప్ప

తా.క.: మా లుంగీతోనే బస్సెక్కారు. అది కూడా సాయం కిందికే వస్తుందా?

---

పెనుకొండ, జూలై 2

గౌరవనీయులైన ముత్యాలప్ప అన్నకు,

మీ సాయం వచ్చింది, నా ఖాతాలోకి. మీరు తీసిన ఫొటోలో లుంగీతో తట్ట పట్టుకున్న నా ముఖమే రైతు ముఖమని యాప్ తేల్చి, ఆ ముఖం పేరున ఉన్న ఖాతాకే పంపింది. సాయం తీసుకున్న రైతుకు ఆఫీసు జీతం కుదరదని నా జీతం ఆపేశారు. నేను రైతును కానంటే నా ఫొటో నాకే చూపిస్తున్నారు. అసలు రైతు ఎవరైనా రాసిస్తే వింటారట. దయచేసి నేను రైతును కానని రాసివ్వండి. మీ డబ్బు మీకిచ్చేస్తాను.

మీ తమ్ముడు,
ప్రేమ్ కుమార్

తా.క.: లుంగీ ఉతికించాను.

---

పరిగి మండలం, జూలై 5

ఏమప్పా ప్రేమ్ కుమార్,

మీ దరఖాస్తు అందినది. రాసివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నేను రైతునని మీ ఆఫీసు ఇంకా ఒప్పుకోలేదు. రైతు కానివాడు రాసిచ్చింది చెల్లుతుందా? ముందు నన్ను రైతును చేయించు, ఆ తర్వాత నిన్ను మాన్పిస్తాను.

ఈలోగా ఒక సంగతి. సాయం జాబితాలో ఉన్నవాళ్లకు పిల్ల పురుగులు అప్పుగా ఇస్తున్నారని విని, చౌడమ్మ నీ పేరు చెప్పి తెచ్చేసింది. పురుగులు నీవి, అప్పు నీది, తోట మాది. గునపం లోపల పెట్టింది. నేను రాత్రి బాగా నిద్రపోయాను.

డబ్బు తీసుకుని గురువారం రా. ఆకు కోయాలి.

ముత్యాలప్ప

తా.క.: చౌడమ్మ చెప్పమంది: "రైతైనా సరే, కాళ్లకు సున్నం తప్పదు."