బల్ల కింద పిల్ల

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ కులాసా, మీరిద్దరూ కులాసా అని తలుస్తాను. కులాసాగా లేనిది ఒకటుంది, ముందు అదే రాస్తాను. ఒక ఆరేళ్ల పిల్ల భయాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. కొట్టేసింది మా సంక్షేమ కార్యాలయం పై అధికారిణి.

నువ్వడిగిన వాటికి జవాబులు. వేళకు తింటున్నాను. కొత్త చెప్పులు కొనుక్కున్నాను. "ముక్కు మీది కోపం దిగిందా, ఇంకా అక్కడే కాపురముందా?" అని చెల్లి చేత రాయించావు. అక్కడే ఉందమ్మా. ఈమధ్య ఇల్లు కూడా పెద్దది చేసుకుంది, ఊళ్లో అన్యాయాల మీద నా చేత కరపత్రాలు రాయించి పంచిస్తోంది.

ఆశ్రయం కోరినవాళ్ల ఇంటికెళ్లి, చూసి, నివేదిక రాయడం నా పని. అది చదివి కమిటీ ఆశ్రయం ఇస్తుంది, లేదా పొమ్మంటుంది. మొగుడు కొడుతున్నాడని అర్జీ పెట్టుకున్న ఒక ఇస్త్రీ ఆవిడ గదికి పోయిన నెల వెళ్లాను. మంచినీళ్లిచ్చి నవ్వుతూనే మాట్లాడింది. ఆవిడ పిల్ల పలక మీద అక్షరాలు దిద్దుతోంది. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పిల్ల పలక వదిలేసి ఇస్త్రీ బల్ల కిందికి దూరి, రెండు చేతులతో నోరు మూసుకుంది. వచ్చినాయన పక్కింటాయన, తన దారిన తాను పోయాడు. పిల్ల మాత్రం బయటికి రాలేదు.

"పిల్ల భయపడుతోంది" అని రాశాను.

"భయాన్ని తూచడానికి తక్కెడేమైనా పట్టుకెళ్లావా బాబూ?" అంది అధికారిణి. "దడ, గుబులు, కన్నీళ్లు నీ కరపత్రాల్లో రాసుకో. ఇక్కడ కంటికి కనబడిందే రాయి."

కార్యాలయంలో అందరూ నవ్వారు. ఎర్ర గీత పడింది. కమిటీ ఆశ్రయం లేదు పొమ్మంది. నాలుగో రోజున మొగుడు ఆవిడ కుడి చెయ్యి విరగ్గొట్టాడు. మొన్న వెళ్తే ఎడంచేత్తో ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి కుర్చీ జరిపింది. తిట్టినా బాగుండేది.

బాధలు చూసేవాడికి బాధ కలగకూడదట! గుండెను బురద చెప్పుల్లాగా గుమ్మం బయట విడిచి రావాలట! ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేశావు, మూలుగు వినబడితే పరిగెత్తావా, తూచాక పరిగెత్తావా?

చెల్లీ, ఇక్కడినుంచి ఒక్క ముక్క మింగకుండా అమ్మకు చదివి వినిపించు.

అధికారిణి కొట్టేసింది ఒక్క మాటే. ఆ ఖాళీలో ఇంకో మాట పెట్టింది నేను. నోరు మూసుకుని బల్ల కింద కూర్చుందని రాయొచ్చు, అదీ కంటికి కనబడిందే. కానీ ఆ నవ్వులు చెవుల్లో గింగురుమంటుంటే, "పిల్ల బల్ల కింద ఆడుకుంటోంది" అని రాసిచ్చాను. "ఇప్పటికి దారికొచ్చావు" అని ఆవిడ భుజం తట్టింది. అమ్మా, ఆ క్షణాన నాకది బాగుంది. కోపమంతా ఊరి మీద చూపించేవాణ్ని, నా మీద ఒక్క గీత గీసుకోలేకపోయాను.

ఇస్త్రీ ఆవిడ మళ్లీ అర్జీ పెట్టుకుంది. గురువారం పొద్దున పదింటికి విచారణ. నా నివేదిక అబద్ధమని అందరి ముందూ చెబుతాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు కాబట్టి నువ్వు రా, చెల్లిని తీసుకురా, నీతో పనిచేసిన ఆయాలందరినీ వెంటబెట్టుకురా. తొమ్మిదిన్నరకల్లా కార్యాలయం వరండాలో కలుద్దాం.

విచారణ గది మేడమీద. మెట్లెక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోండి. పిల్ల పైనే ఉంటుంది.

ఇట్లు,
తప్పు చేసి, నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ ముక్కోపి కొడుకు