సూటిగా ఉన్న బాణం

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఈ గల్ఫ్ దేశంలో, షినాస్‌లో నేను పనిచేసే తోట యజమాని, మా అర్బాబ్, పొద్దున తుపాకీలా పేల్చే విల్లు క్రాస్‌బో బాణాలు నా ముందు పోసి, "అచ్ఛావాలా నికాల్" అన్నాడు, మంచివి ఏరమని. అన్నీ కార్బన్‌వి. అయినా పందుల వేటకు నువ్వు వెదురువి ఏరినట్టే ఒక్కొక్కటీ బొటనవేలి గోరు మీద నిలబెట్టి తిప్పాను. ఊగినవి తీసేశాను. చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచితే, లోపల పగులున్నట్టు చిటుక్కుమన్నవీ తీసేశాను.

"వంకర బాణం పానం తియ్యదురా, సతాయిస్తది" అనేవాడివి.

వేట దేనికో అర్బాబ్ అప్పుడు చెప్పాడు. మేకపిల్లలను చంపుతున్న కుక్కను కొట్టాలట. రోజూ నా పళ్లెంలో మిగిలిన అన్నం తినే కుక్కే అది. బతిమాలాను, వినలేదు.

ఏరినవన్నీ మళ్లీ గోరు మీద తిప్పి, అన్నిటికన్నా సూటిగా ఉన్నది అతని చేతికిచ్చాను. నన్ను చూసి కుక్క తోక ఊపుకుంటూ గేటు దగ్గరికొచ్చింది.

రెండో బాణం అవసరం పడలేదు బాపూ.