పాటలో మీ కంపెనీ మోత

ఏమయ్యా,

నువ్వు పోయిన మూడేండ్లకు మన బిడ్డ శ్రావణి ప్రేమ మీద, ఎడబాటు మీద ఎనిమిది పాటలు కట్టింది. అన్నీ కలల తేలినట్టుంటయి. ఇయ్యాల పొద్దుగాల అందరి ఫోన్లల్లకు వచ్చినయి.

జిన్నారం కంపెనీల చాయ్ టైంకు కూనిరాగం తీసి నాకు ఫోన్ల పంపేటోనివి గదా, ఆఖరి పాట దాంతోనే మొదలైతది. వెనుక కంప్రెసర్ మోత. రికార్డింగ్ ఆయన ఆ మోత తీసేస్తనన్నడట. "అది మా నాయిన డ్యూటీ సార్, ఉండనియ్యుండ్రి" అన్నది బిడ్డ.

నీ షిఫ్టోళ్లు క్యాంటీన్ల పెట్టుకొని విన్నరు. మోత రాంగనే "గిది మన కంప్రెసరే!" అని లేచి నిలబడ్డరట.

ఎవలన్న వింటరని గొంతు దించి పాడేటోనివి. విన్నరయ్యా, అందరు విన్నరు.