సూపు కుడుముల కొత్త

చినగరువు, అరకు
డిసెంబరు, సంత మర్నాడు

ప్రియమైన వరహాలుకి,

నీ ఫల్గుణ రాసేది. నీకు ఫోన్ సేత్తే మోగి మోగి ఆగిపోతంది. ఆ ఫోన్ సెయ్యడానికి నాను కాఫీ తోట పైనున్న బండ ఎక్కాలి. బండ మీద సిగ్నల్ ఉంటాది గాని కూకోడానికి సోటుండదు. అందుకే ఉత్తరం. ఇది మోగదు కాబట్టి ఎత్తకుండా ఉండలేవు.

మీ నాగలక్ష్మి విశాఖ నుంచి నాతో మాటాడింది. "అమ్మ పోయి ఏడాది తిరిగిపోయింది బాబాయ్, నాన్న ఇప్పటికీ పొయ్యి ముట్టించడం లేదు. హోటల్ ఇడ్లీ రెండు తెచ్చుకుంటాడు. ఒకటి కాకికేస్తాడు, ఇంకోటి ఎండిపోయేదాకా సూత్తాడు" అని ఏడిసింది. పాతికేళ్ళు ఓడల్లో ఊరందరికీ వండి ఎట్టినోడివి. నాను ఏటీ అనను. ఓదార్చడం నాకు రాదు. బళ్ళో నువ్వు పడిపోతే నాను ఓదార్సినప్పుడల్లా ఇంకా గట్టిగా ఏడిసీవోడివి.

నా పని సెప్తాను. మా అమ్మ సోములమ్మకి మిగిలిన ఒక్క పన్నూ మొన్న ఊడింది. పంది మాంసం అంటే దానికి పేణం. నమల్లేదు. పులుసిత్తే "నీళ్ళిచ్చి మాంసమంటావేట్రా" అంటాది. కీమా ఎడితే "ఎవుడు నమిలి ఉమ్మింది నాకెట్టావు" అంటాది. అప్పుడు నువ్వు సెప్పిన సైనా కుడుములు గుర్తొచ్చాయి. పైకి మన కుడుము లాగే ఉంటాది, కొరికితే లోపల వేడి వేడి సూపు, మెత్తటి మాంసం అన్నావు సూడు. ఆ సూపు లోపలికి ఎలా దూరిందో తెలీక అప్పటి నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎలా సేత్తారో రాయి. బేగి రాయి, అమ్మకి ఎనబై దాటీసింది.

ఇట్లు,
నీ సేమమూ, నీ సేతి కుడుమూ కోరే
ఫల్గుణ


కొత్తవలస

ఫల్గుణకి,

నేను వంట మానేశాను. ఓడ దిగినప్పుడు సగం మానేశాను, చిన్నమ్మి పోయాక పూర్తిగా. నన్ను అడక్కు. సెల్లులో చూసుకో, అందులో చిన్నపిల్లలు కూడా నేర్పుతున్నారు.

సూపు లోపల పొయ్యరు. అదొక్కటీ చెప్పి వదిలేస్తాను. సూపుని ముందు గడ్డకట్టిస్తారు. పంది తోలు, కోడికాళ్ళు, అల్లం, ఉల్లికాడలు వేసి సన్నటి మంట మీద పూట పొడుగునా ఉడకనియ్యి. వేళ్ళ మధ్య రాస్తే జిగురు అంటుకోవాలి. వడగట్టి చలిలో వదిలేస్తే జున్నులాగ గడ్డకడతాది. దాన్ని చిన్నచిన్న ముక్కలు తరిగి పంది కీమాలో కలుపు. మైదా బిళ్ళలో పెట్టి, మూతి కుచ్చిళ్ళు పోసి మూసి, ఆవిరి మీద పెట్టు. లోపల గడ్డ కరిగి సూపవుతాది. దూరేది ఏమీ లేదు. పోయి పడుకో.

పిండి మైదాయే కలపాలి. నీ తెలివి వాడి అంబలి కాచుకునే చోడిపిండి కలపకు. చోడిపిండికి సాగే గుణం లేదు, చిరిగిపోతాది. బిళ్ళ నడుము మందంగా, అంచు పల్చగా ఒత్తాలి. అన్నీ ఒకే మందం ఒత్తితే కింద కారిపోతాది, పైన ముద్ద కడతాది. షాంగై రేవులో నాకు నేర్పిన ముసలాయన ఈ ఒక్క విషయానికే నా చెయ్యి మీద అప్పడాల కర్రతో కొట్టేవాడు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఇంక ఉత్తరాలు రాయకు.

వరహాలరావు


చినగరువు
పుష్యమాసం సొచ్చింది

ప్రియమైన వరహాలుకి,

రాయకు అని సెప్పడానికి నువ్వు కాగితం రెండేపులా నింపీసావు. మా పోస్టుమేన్ పోలయ్య సదివించుకుని విని, "మానేసినాయన ఇంత రాత్తే, మొదలెట్టిన రోజు సంచీ మొయ్యడానికి నాకు ఇంకో మనిషి కావాల" అన్నాడు.

ఇక్కడ సలి దంచేత్తంది. కొబ్బరినూనె సీసాలో రాయైపోయింది. మా ఇంటిది కనక తల దువ్వుకోవాలంటే ముందు సీసాని పొయ్యి దగ్గర కూకోబెట్టి బతిమాలాలి.

ఇంక మన కుడుముల సంగతి. సూపు గడ్డకట్టలేదురా. పూటంతా ఉడకబెట్టాను, అరుగు మీద ఎట్టాను, పొద్దున్న సూత్తే నీళ్ళు నీళ్ళే. పోనీలే అని గరిటతో పోసాను. మా గుంటడు మల్లేశు బిళ్ళ పట్టుకున్నాడు, నాను పోసాను, కనక మూతి ముడేసింది. ఒక్క కుడుముకి ముగ్గురం. గవర్నమెంటు పని లాగుంది. ఆవిరి తగలగానే పేలిపోయి మూత ఎగిరింది.

సోడిపిండి కలపొద్దన్నావు. కలపలేదు. కొంచెం కలిపాను.

అమ్మ వొచ్చి సూసి, "ఇదేట్రా, పెళ్ళిలో మర్యాద సాలనేదని అలిగిన వియ్యంకుడి మొకం లాగుంది" అంది. మళ్ళీ అంబలే తాగింది. నా తప్పు ఎక్కడుందో బేగి రాయి.

ఇట్లు,
సూపులో తడిసిన
ఫల్గుణ


కొత్తవలస

ఫల్గుణకి,

కొంచెం కలిపాడట. చదవగానే నాకు బీపీ లేచింది.

గరిటతో పోసేది కాదని ఎంత స్పష్టంగా రాశాను. తోలు తక్కువేసి నీళ్ళు ఎక్కువ పోసి ఉంటావు. తోలు మునిగేంత పొయ్యి, పైన ఇంకొంచెం, అంతే. మైదాలో నీళ్ళు ఎంత పొయ్యాలో మాటల్లో రాయడం కష్టం. నిన్న పక్కింటావిడని అడిగి చారెడు మైదా తెచ్చి కలిపి చూశాను. నీకు రాయడానికే. చెవి తమ్మె పట్టుకుంటే ఎంత మెత్తగా ఉంటాదో అంత మెత్తగా ఉండాలి. కలిపి తడిగుడ్డ కప్పి వదిలెయ్యాలి, వెంటనే ఒత్తకూడదు.

కుచ్చిళ్ళకి ఎడమ బొటనవేలు కదలకూడదు. కుడిచేత్తో అంచు మడుస్తూ తిప్పుకుంటూ వెళ్ళు, చీర కుచ్చిళ్ళు పోసినట్టు. చివర్న మెలిపెట్టి మూసెయ్. వెదురు బుట్టలో పెట్టి మూతెయ్. నీళ్ళు బాగా మరిగాకే బుట్ట ఎక్కించు.

తినడం కూడా నేర్పాలి మీ అమ్మకి. గరిటెలో పెట్టుకోవాలి, పక్కన చిన్న చిల్లు కొరకాలి, ఊదాలి, సూపు పీల్చాలి, అప్పుడు మిగతాది. సెలవులకి వచ్చి మొదటిసారి చేసినప్పుడు చిన్నమ్మి మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని ఇల్లంతా గెంతింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా అంతే. ఊదుకుని తినవే అంటే వినేది కాదు. "సల్లారితే సైనా నుంచి తెచ్చి ఏం లాభం" అనేది.

సరే. అది వేరే సంగతి. నీళ్ళు ఎక్కువ పొయ్యకు.

వరహాలరావు


చినగరువు
జనవరి

ప్రియమైన వరహాలుకి,

నీ ఉత్తరం వొచ్చేటప్పటికి కనక వాకిట్లో కూకుని సంతకి అడ్డాకు విస్తర్లు కుడతంది. వాకిలంతా ఆకులే, కాలెట్టడానికి సోటు లేదు. నాను ఆ ఆకుల్లోనే నిలబడి నీ ఉత్తరం సదివాను. కనక విని, "ఎడమ బొటనేలు కదలకూడదా? విస్తరి కుట్టేటప్పుడు నాదీ కదలదు కదా" అంది. ఇంక నన్ను లెగమని తనే మొదలెట్టింది. దాని సేతిలో కుచ్చిళ్ళు ఎలాగొచ్చాయంటే నాకు కొంచెం కుళ్ళొచ్చింది.

బుట్టలో ఎట్టి మూతేసాం. ఉడికేక తియ్యబోతే అన్నీ బుట్టకి అంటుకుపోయాయి. లాగితే అడుగు సిరిగిపోయింది, సూపంతా కింద గిన్నెలోకి పోయింది. ఇలా అంటుకుంటాయని నువ్వు ముందు సెప్పొద్దేటి. ఆ గిన్నెలో నీళ్ళు తాగిన మా కుక్క ఇప్పుడు మామూలు గంజి ముట్టడం లేదు.

తర్వాత వాయి బాగా వొచ్చింది. నిజం. నిండు కుడుములు, కదిపితే లోపల కదలడం తెలుత్తంది. అమ్మ ముందర పళ్ళెం ఎట్టాం. ఇదిగో, ఇక్కడొచ్చింది సిక్కు.

అమ్మ తినలేదు.

మా ఇళ్ళల్లో సంగతి నీకు తెలిసిందే. మామిడి కొత్త కాకుండా సెట్టు కింద రాలిన కాయ కూడా ఎవుడూ ముట్టడు. కొర్ర కొత్త కాకుండా కొర్ర వండరు. ఏ కొత్త తిండైనా ముందు పోయిన ఇంటి పెద్దల పేరు సెప్పి ఎట్టాలి, ఆ తర్వాతే మన నోరు. అమ్మ అంటాది గదా, "ఇది ఈ ఇంట్లోకి ఎప్పుడూ రాని తిండి. కొత్త ఎట్టకుండా నాను తినను. మన పెద్దోళ్ళకి సైనా అంటే ఏటో తెలీదు. ఇదేటి, ఎక్కడిది అని అడిగితే ఎవుడు సెప్తాడు, నువ్వా? తెచ్చినోడు వరహాలుగాడు. ఆడే వొచ్చి సెప్పాల."

నాను సెప్తాను లేవే అంటే వినలేదు. పళ్ళెం దగ్గరికి లాక్కుని, వాసన సూసి, మూతేసీసింది. నోరూరతంది, తెలుత్తంది. మింగీసి అంబలి పొయ్యమంది. పిల్లల్నీ ముట్టనివ్వలేదు. రోజూ పొద్దున్నే లెగిసి "వరహాలుగాడు ఏ రైలుకి వత్తాడన్నావు" అని అడుగుతంది. నాను ఏ రైలూ సెప్పలేదు.

నిన్ను రమ్మని నాను అడగడం లేదు. అమ్మ అడుగుతంది.

ఇట్లు,
మద్దెలో నలిగిపోతన్న
ఫల్గుణ


కొత్తవలస
కార్డు ముక్క

ఫల్గుణకి,

ఆదివారం కిరండూలు పాసింజరుకి వస్తున్నాను. తోలు ముందురోజే ఉడికించి ఉంచండి. అల్లం సన్నగా తరగమని కనకమ్మకి చెప్పు. నల్ల వెనిగరు దొరకదు, చింతపండు రసం తీసి ఉంచండి. నేను వచ్చేదాకా నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోకు. మీ అమ్మకి వేళకి అంబలి పట్టించు.

వరహాలు


చినగరువు
ఫిబ్రవరి

ప్రియమైన వరహాలుకి,

నువ్వు బేగి ఎల్లిపోయావు. ఇంకో పూట ఉండాల్సింది. ఊళ్ళో సగంమంది కుడుములు తినలేదని మిగతా సగంతో మాటాడ్డం లేదు.

కనక నేసిన బుట్ట మర్చిపోయావు. పోలయ్యకిచ్చి పంపుతన్నాను. మూత బిగుతుగా ఉంటాది, మొదట్లో తిట్టుకుంటావు, తర్వాత అలవాటైపోద్ది.

మా పెద్దలకి కొత్త ఎట్టినప్పుడు నువ్వు సేసింది ఊరంతా సెప్పుకుంటంది. ఆకులో కుడుములెట్టి, దణ్ణం ఎట్టి, ఏటి సెప్పాలో తోచక, ఓడలో కెప్టెనుకి సెప్పినట్టు నిటారుగా నిలబడి "సార్, డిన్నర్ రెడీ" అన్నావు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ఎవుడూ సారూ అనలేదు. అమ్మకి సానా గర్వంగా ఉంది.

తర్వాత జరిగింది రాయొద్దనుకున్నాను. రాసేత్తాను. అమ్మ మొదటి కుడుము మొత్తం నోట్లో ఏసీసుకుంది. నువ్వు గిన్నె కాడి నుంచి తల తిప్పకుండానే, "చిన్నమ్మీ, ఊదుకుని తినవే" అన్నావు. అందరం బిగుసుకుపోయాం. కనక గరిటె కింద ఎట్టీసింది. అమ్మ ఒక్కర్తే ఏటీ కానట్టు, కాలిన నోరుతో, "ఊదుతాన్లేరా, అరవకు" అంది.

నువ్వు పెరట్లోకి ఎల్లావు. నాను నీ ఎనక రాబోతే అమ్మ నా సెయ్యి పట్టుకుని కూకోబెట్టీసింది. నువ్వు మొకం కడుక్కుని వొచ్చి, పీటేసుకుని తిన్నావు. ఎన్ని తిన్నావో నాను లెక్కెట్టలేదు. కనక లెక్కెట్టింది గాని సెప్పదు.

నీ రైలు ఎల్లిపోయేక అమ్మ అడిగింది, "ఆడి పెళ్ళాం ఎప్పుడూ అలాగే నోరు కాల్సుకునేదేటి" అని. అవునంటమ్మా అన్నాను. "మంచి గుంట. వేడిది వేడిగానే తినాల" అంది. ఇప్పుడు మేం ఊదుకుని తిను అంటే, సిన్నమ్మి ఊదిందేటి అని మామీద పడతంది. మా ఇంట్లో నీ పెళ్ళానికి ఒక వకీలు దొరికింది.

నీకు ఇంకో సంగతి సెప్పాల్సుంది గాని సెప్పను. సెప్తే ఉత్తరాలు మానేత్తావు.

ఇట్లు,
నీ
ఫల్గుణ


కొత్తవలస
మార్చి

ప్రియమైన ఫల్గుణకి,

నువ్వు చెప్పనన్నది నేనే చెప్పేస్తాను.

కొబ్బరినూనె రాయైపోయింది అని రాసిన కాగితం మీదే, నాలుగు గీతలు కిందకొచ్చి, అరుగు మీద సూపు గడ్డకట్టలేదు అని రాశావు. అబద్ధం ఆడేవాడు కనీసం కాగితం మార్చాలి. చిన్నప్పుడు నేను ఆ చలిలోనే చదువుకున్నానురా. మీ అమ్మ వండిన పంది కూర పొద్దున్నకి గిన్నెలో బిళ్ళకట్టేది, మనిద్దరం చాకుతో కోసుకుని తినేవాళ్ళం. మొదటిరోజే గడ్డకట్టి ఉంటాది. మొదటిరోజే కుడుములూ వచ్చి ఉంటాయి, కనకమ్మ చెయ్యి చూశాక నాకు అనుమానం లేదు. నాకు కోపం తెప్పించి చేతిలో కలం పెట్టాలని ఇదంతా చేశావు.

బుట్టకి అంటుకున్నాయన్నావు. అప్పుడు నిజంగా నవ్వొచ్చింది. ఆ ఇంట్లో అడుగున ఆకు వెయ్యకుండా ఎప్పుడు ఏది ఉడికింది? అడ్డాకుల్లో నిలబడి నా ఉత్తరం చదివానని నువ్వే రాశావు.

అయితే ఆకు వెయ్యాలని నేనూ కావాలనే రాయలేదు. మర్చిపోలేదు. అన్నీ ఒకేసారి చెప్పేస్తే నువ్వు ఇంక ఏం అడుగుతావు, పోలయ్య సంచీలోంచి నా గుమ్మం దాకా ఏం వస్తాది అనిపించింది. కాబట్టి లెక్క సరిపోయింది.

కానీ నీ అబద్ధాలకి రైలెక్కలేదు. మీ అమ్మ వాసన చూసి మూతేసేసింది అని రాశావు చూడు, అదొక్కటి నిజమని తెలిసింది. చిన్నమ్మి కొత్తావకాయ పెట్టి, నేను ఓడ దిగి ఇంటికొచ్చేదాకా జాడీ మూత తియ్యలేదు, ప్రతీ ఏడాదీ అంతే. వాసన మాత్రం చూసేదిట. నాకోసం తినకుండా కూర్చునే మనిషి ఇంక లోకంలో లేదనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

మొన్న ఆదివారం నాగలక్ష్మి వచ్చింది. పొయ్యి ముట్టించాను. కనకమ్మ బుట్ట మూత నిజంగానే బిగుతు, తిట్టుకున్నాను. మా గుంట మొదటి కుడుము ఊదకుండా మొత్తం నోట్లో వేసుకుంది. తల్లి పోలిక. నేను ఊదుకోమనకుండా మంచినీళ్ళు అందించాను.

అప్పట్నుంచి పూటపూటా ఏదో ఒకటి వండుకుంటున్నాను. కాకికి ఇడ్లీ తప్పింది, సూపు అది ముట్టదు.

మా బజార్లోకి మామిడికాయలు వచ్చేశాయి. పప్పులో వేసుకుందామని చెయ్యి చాపి, ఆగిపోయాను. చేతిలో కాయ వాసన చూసి మళ్ళీ బుట్టలో పెట్టేశాను. కొట్టువాడు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. మీ ఊళ్ళో మామిడి కొత్త ఎప్పుడో అమ్మని అడిగి రాయి. అంతవరకూ నేనూ ముట్టుకోను.

ఇట్లు,
నోరూరుతున్న
వరహాలు