తాతయ్య ట్రాక్టరు, కొత్త కంప్యూటరు

తాతయ్యా,

నువ్వు పోయిన ఏడాదికి, మొత్తానికి గేములాడే పెద్ద కంప్యూటరు కొన్నాను. బ్రాడీపేటలో విడిభాగాలు తెచ్చి నేనే బిగించాను. ముందువైపు మూడు ఫ్యాన్లు, లోపలంతా రంగురంగుల లైట్లు. "తిరునాళ్ల ప్రభలాగా ఉందేంట్రా" అన్నాడు నాన్న.

అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త ట్రాక్టరుకి కట్టినట్టే నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చి, దిష్టి తగలకుండా సరిగ్గా ఫ్యాన్ల ముందు వేలాడదీసింది. మన చేలో కాసినవే. స్విచ్చి వేయగానే ఫ్యాన్లు ఆ ఘాటునంతా పీల్చి వెనకనుంచి గదిలోకి కొట్టాయి. ముగ్గురం తుమ్ముకుంటూ వాకిట్లోకి పరిగెత్తాం.

"కంప్యూటర్ కొన్నావా, మిరప కల్లం కొన్నావా?" అంటూ నాన్న కళ్లు తుడుచుకున్నాడు.

దండ తీసేసి, పాత కంప్యూటర్లోని నీ పొలం ఆటని ఇందులోకి ఎక్కించాను. అందులో ఆట ఆగిపోయినప్పుడల్లా "ఎద్దు పడుకుందిరా, లేవనీ" అని కుర్చీలోనే కునుకు తీసేవాడివి. ఇందులో మాత్రం రెప్పపాటులో తెరుచుకుంది. సగం దున్నిన చేలో, నువ్వు చివరిసారి ఆపిన చోటే నీ ట్రాక్టరు నిలబడి ఉంది.

నాకు మౌస్ ముట్టుకోబుద్ధి కాలేదు. ఈ వయసులో బొమ్మ సేద్యమేంటని నిన్ను రోజూ సాధించిన నాన్నే కుర్చీ లాక్కున్నాడు.

"మా నాన్న పని సగంలో వదిలే రకం కాదు. ఏది నొక్కితే కదులుద్దిరా ఇది?"

నాన్న దున్నిన మొదటి చాలే వంకరపోయింది. ఎద్దు మాత్రం లేచింది, తాతయ్యా.