ఓడిపోయిన రోజు ఫొటో

1978, ఆదివారం రాత్రి

ఇవాళ మా కంపెనీ కబడ్డీ జట్టు ఫైనల్లో ఓడిపోయింది. నాన్న పోయి లారీలూ జట్టూ నా చేతికొచ్చాక ఆడిన మొదటి టోర్నమెంటు ఇది. ఓడిపోయినందుకు కాదు, ఆ తర్వాత బాబాయ్ అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. "మనకి లారీలు చాలే అమ్మాయీ, ఈ జట్టెందుకు? ఇవాల్టితో ఆపేద్దాం" అన్నాడు, కుర్రాళ్లు వింటుండగానే. వాళ్లంతా మా కళాసీలే. పగలంతా పోర్టులో బస్తాలు మోసి సాయంత్రం ఆడతారు.

వెంటనే ఫొటోగ్రాఫర్‌ని పిలిపించాను. కెప్టెన్ అప్పన్న తల దించుకుని, "ఓడిపోనాం కదమ్మా, ఇప్పుడు ఫొటో ఏటి?" అన్నాడు. నిజమే, నాన్న గెలిచినప్పుడే తీయించేవారు.

"ఓడినా మీరు నా జట్టే. వచ్చి నిలబడండి" అన్నాను.

తీరా చూస్తే మధ్య కుర్చీలో బాబాయ్ కూచునున్నాడు.

"బాబాయ్, అది నాన్న కుర్చీ."

"అందుకే కూచున్నాను."

"అందుకే లెమ్మంటున్నాను."

లేచాడు. ఫొటోకి ఆగకుండా వెళ్లిపోయాడు. పోర్టులో పెద్దవాళ్లంతా ఆయన స్నేహితులే, రేపు ఏం గొడవ పెడతాడో... నేను వెళ్లి ఆ కుర్చీలో కూచున్నాను. చీర సర్దుకున్నాను.

ఫొటోగ్రాఫర్ అందర్నీ నవ్వమన్నాడు. "వద్దు, ఇలాగే తియ్యండి" అన్నాను.

ఆఫీసు గోడ నిండా నాన్న గెలిచిన ఫొటోలే. రేపు బాబాయ్ వచ్చేలోపే వాటి మధ్యన ఈ ఫొటోకి మేకు నేనే కొడతాను.