మెట్ల కింద జుబియా

ఉయ్యూరు, ఆగస్టు 1999

కరస్పాండెంట్ గారికి నమస్కారం.

పిల్లల ఆటల మీద పీహెచ్‌డీ చేస్తూ మీ హాస్టలు స్కూలుకి వచ్చిన అమ్మాయినండి. "ఆటల మీద డాక్టరేట్ ఏంటమ్మా, పిల్లల చదువు పాడైపోతోంది" అని మీరు రావద్దన్నారు. దాని గురించి వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఒకటో తరగతి జుబియా, తల్లి పోయాక ఎవరితోనూ మాట్లాడని పిల్ల. దాగుడుమూతలాటలో మెట్ల కింద దాక్కుంది. నేను వెతికి పట్టుకోగానే నవ్వి, "రేపు కూడా నన్ను వెతుకుతావా అక్కా?" అంది. ఆ పాప గొంతు వినడం నాకు అదే మొదటిసారి. వెతుకుతానని మాటిచ్చాను. మర్నాడే మీరు గేటు దగ్గర ఆపించేశారు.

నిన్న మీ ఆయా బస్టాండులో కనబడింది. "సాయంత్రమైతే మెట్ల కిందకెళ్లి కూర్చుంటందమ్మా. అన్నానికి పిలిచినా రాదు" అంది. ఆవిణ్ణి ఏమీ అనకండి, నేనే గుచ్చిగుచ్చి అడిగాను.

నా పీహెచ్‌డీ ఆగిపోయినా సరేనండి. మీ స్కూలు గురించి ఒక్క ముక్క రాయను. ఒక్కసారి లోపలికి రానిచ్చి, ఆ పాపని వెతకనివ్వండి.

ఈ కాగితం వాచ్‌మన్‌కిచ్చి గేటు బయటే నిలబడి ఉన్నాను.